సెట్టు సంగతి తర్వాత, ముందు మిషన్ కాలెట్ చూడండి

ప్రశ్న: మాది హనుమకొండ. స్కూల్ టీచర్‌ని. మా మామగారి ఊళ్లో పాత ఇల్లు తీసేశాక టేకు దర్వాజాలు, తలుపుల చెక్క మిగిలాయి. అమ్మబుద్ధి కాక ఇంటికి తెచ్చుకున్నాం. వాటితో పాపకి రాసుకునే బల్ల, ప్లైవుడ్‌తో పుస్తకాల అర చేద్దామని మూడు నెలల కిందట ట్రిమ్మర్ మిషన్ కొన్నాను, బిట్టు అనే కోసే ములుకు తగిలించి చెక్కకి అంచులు, గాళ్లు తీసే చేతి మిషన్ అది. మా వీధిలో కార్పెంటర్ అన్న తన దగ్గరున్న రెండు పాత బిట్లు ఇచ్చారు. ఒకదానితో టేకు ముక్క అంచు గుండ్రంగా చేస్తే నల్లగా కాలిపోయింది. రెండోదానితో గాడి కొడితే మొదట్లో ఒక లోతు, చివరికి వచ్చేసరికి ఇంకో లోతు వచ్చింది. నాకు చెయ్యి తిరగలేదనుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో 15 బిట్ల సెట్టు, 35 బిట్ల సెట్టు కనిపిస్తున్నాయి. ఏది కొనమంటారు? రెండున్నర వేల దాకా పెట్టగలను. మిషన్‌లో బిట్టుని పట్టుకునే కాలెట్ మీద 6.35 అని రాసి ఉంది. బిట్లు కొనేటప్పుడు అది చూడాలా?

జవాబు:

టీచరు గారూ, మీ చెయ్యి బాగానే ఉంది. ముందు ఆ దిగులు తీసేయండి. మీరు సెట్టు గురించి అడిగారు కానీ, నేను మాత్రం గాడి లోతు గురించి రాసిన మాట దగ్గర ఆగిపోయాను. ట్రిమ్మర్ అడుగున ఉన్న ప్లేటు చెక్క మీద ఆనుకుని జరుగుతుంది. చెయ్యి వణికితే గాడి పక్కకి పోతుంది, వంకర అవుతుంది. అంతేగానీ మొదటి నుంచి చివరి దాకా లోతు పెరుగుతూ పోదు. అలా పెరిగిందంటే సాధారణంగా రెండే కారణాలు. ప్లేటుని బిగించే నాబ్ వదులుగా ఉండాలి, లేదా బిట్టు కాలెట్‌లోంచి కొంచెం కొంచెంగా కిందికి దిగుతూ ఉండాలి. మీ కాలెట్ 6.35 అన్నారు. కార్పెంటర్ అన్న ఇచ్చినవి 6 ఎంఎం బిట్లు అయ్యుంటాయని నా గట్టి అనుమానం.

ఇవాళే మిషన్ ప్లగ్గు పీకి ఆ బిట్టు బయటికి తీసి చూడండి. మిషన్‌లోకి వెళ్లే కాడని షాంక్ అంటారు. అది నున్నగా మెరుస్తూ ఉండాలి. దాని మీద చుట్టూ గీతలు పడి, అక్కడక్కడ గోధుమరంగు మచ్చలు కనిపిస్తే బిట్టు లోపల తిరిగి జారిందని అర్థం. ఇక దాన్ని ఆ మిషన్‌లో పెట్టకండి.

6.35 అంటే పావు అంగుళం. మన మేస్త్రీల లెక్కలో రెండు సూతులు. 6 ఎంఎంకీ దీనికీ తేడా 0.35 ఎంఎం, అంటే ప్రింటర్ కాగితాలు మూడో నాలుగో కలిపినంత మందం. ఇంత చిన్న తేడాకి ఏమవుతుందిలే అనిపిస్తుంది. కానీ కాలెట్ పని చేసే తీరు వేరు. అది చీలికలున్న చిన్న గొట్టం. నట్టు బిగిస్తుంటే ఆ చీలికలు దగ్గరికొచ్చి, షాంక్‌ని పొడవునా నాలుగు వైపుల నుంచి పట్టుకోవాలి. సన్నటి షాంక్ పెడితే గొట్టం మూతి దగ్గర మాత్రమే నొక్కుకుంటుంది, లోపలంతా ఖాళీగా ఉంటుంది. చేత్తో లాగితే గట్టిగానే ఉన్నట్టుంటుంది. మిషన్ నిమిషానికి ముప్పై వేల చుట్లు తిరుగుతూ చెక్కని కోస్తుంటే ఆ పట్టు చాలదు.

ఇది నాకు అనుభవంలోకి వచ్చిన విషయం. పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక దుకాణంలో బిట్లు కొంటూ 6 ఎంఎం, పావంగుళం రెండూ ఒకటేనా అని అడిగాను. రెండూ ఒకటే, అందరూ వాడుతున్నారని చెప్పారు. నమ్మాను. ఒక అల్మరా పక్కపలకకి 6 ఎంఎం లోతు గాడి కొడుతున్నాను. సగం దూరం వెళ్లాక మిషన్ శబ్దం బరువెక్కింది. చెక్క కొంచెం గట్టిగా ఉందేమో అనుకుని తోస్తూ పోయాను. చివరికి వచ్చేసరికి బిట్టు 18 ఎంఎం ప్లైని చీల్చుకుని అవతలికి వచ్చింది. కింద పలకని పట్టుకున్న నా ఎడమచేతి వేళ్లు దానికి రెండు అంగుళాల దూరంలో ఉన్నాయి. పలక పోయింది సరే, ఆ రెండు అంగుళాలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టవుతుంది. అందుకే ఎవరు బిట్ల గురించి అడిగినా మొదట కాలెట్ సైజు అడుగుతాను.

మీకు దారులు రెండు. ఇకమీదట అన్నీ పావంగుళం షాంక్ బిట్లే కొనండి. లేదా మీ మిషన్ మోడల్‌కే సరిపోయే 6 ఎంఎం కాలెట్ విడిగా దొరికితే అదొకటి తెచ్చుకుని, 6 ఎంఎం బిట్లకి అదే వాడండి. ఆన్‌లైన్‌లో పేరు దగ్గర పావంగుళం అనీ, కింద వివరాల్లో 6 ఎంఎం అనీ ఒకే సరుక్కి రెండు రకాలుగా రాస్తుంటారు. వచ్చాక కొలవకుండా మిషన్‌కి ఎక్కించొద్దు. ఎంఎంలో కూడా భాగాలు కొలిచే డిజిటల్ వెర్నియర్ ఒకటి కొనుక్కోండి. బిట్లకే కాదు, ప్లై మందం కొలవడానికీ రోజూ పనికొస్తుంది. మీ బడ్జెట్‌లో మొదటి ఖర్చు అదే కావాలని నా మాట.

ఇక సెట్టు. నేనైతే కొనొద్దంటాను. 15 బిట్ల పెట్టె తెరిస్తే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అందులో మీ బల్లకీ అరకీ పనికొచ్చేవి నాలుగో ఐదో. మిగతావి పెట్టెలోనే ఉండిపోతాయి. డబ్బు పదిహేనింటికి పంచుకుపోతుంది కాబట్టి, మీరు రోజూ వాడే ఆ నాలుగూ నాసిరకంవే వస్తాయి. వాటి కోసే అంచుల్లో ఉండే కార్బైడ్ అనే గట్టి పదార్థం పలచగా ఉంటుంది, బేరింగులు త్వరగా పట్టేస్తాయి. అప్పుడు మళ్లీ మీ చెయ్యే బాగాలేదనుకుంటారు. సెట్టు కొని, ఏవి ఎక్కువ వాడుతున్నానో చూసుకుని, అవి అరిగాక మంచివి కొనుక్కుంటాను అనేవాళ్లూ ఉన్నారు. ఏం చేయాలో ఇంకా తెలియనివాళ్లకి ఆ పద్ధతి ఫర్వాలేదు. మీకు ఏం చేయాలో తెలుసు. ఒక బల్ల, ఒక అర. పని చూసుకుని బిట్లు కొనండి.

అర నుంచే మొదలుపెడదాం. పక్కపలకల్లో అడ్డపలకలు కూర్చోడానికి గాడి కావాలి. వెనక సన్నటి ప్లై దూరడానికి ఇంకో గాడి కావాలి. రెండింటికీ స్ట్రెయిట్ బిట్లు, ఒకటి 12 ఎంఎం వెడల్పుది, ఒకటి 5 లేదా 6 ఎంఎంది. అడ్డపలక 18 ఎంఎం కదా, 18 ఎంఎం బిట్టే కొంటే ఒక్క దెబ్బకి గాడి అయిపోతుందిగా అనిపిస్తుంది. వద్దు. చిన్న ట్రిమ్మర్‌కి అది బరువు. పైగా షాపులో 18 అని అమ్మే ప్లైని వెర్నియర్‌తో కొలిస్తే కొంచెం తక్కువ రావడం మామూలే. అప్పుడు గాడిలో పలక లొడలొడలాడుతుంది. 12 ఎంఎం బిట్టుతో ఒక గీత కొట్టి, మిషన్‌కి ఆనుగా బిగించిన పట్టీని పక్కకి జరిపి రెండో గీత కొడితే మీ దగ్గరున్న ప్లై ఎంత మందం ఉంటే అంత గాడి వస్తుంది. వెనకప్లైకి కూడా అంతే. ముందు ప్లై కొలిచి, దానికంటే సన్నటి బిట్టు కొనండి.

గాడి వంకర పోకుండా ఉండాలంటే నిటారైన పట్టీ ఒకటి పలక మీద సీ క్లాంపులతో బిగించి, మిషన్ ప్లేటు అంచుని దానికి ఆనించి నడపాలి. పట్టీ ఎంత దూరంలో బిగించాలో లెక్క సులువే. ప్లేటు వెడల్పులో సగం తీసుకుని, అందులోంచి బిట్టు వెడల్పులో సగం తీసేయండి. ప్లేటు 90 ఎంఎం, బిట్టు 12 ఎంఎం అనుకుంటే 45లోంచి 6 పోగా 39. గాడి అంచు గీత నుంచి సరిగ్గా 39 ఎంఎం దూరంలో పట్టీ. ముందు పనికిరాని ముక్క మీద కొట్టి కొలిచి చూసుకోండి. బిట్టు ప్లేటుకి సరిగ్గా మధ్యలో లేని మిషన్లూ ఉంటాయి.

6 ఎంఎం లోతు గాడి కావాలంటే మూడు మూడు ఎంఎం చొప్పున రెండుసార్లు కొట్టండి. ఒకేసారి దించితే సన్నటి షాంక్ వణుకుతుంది, గాడి అంచు చిప్పలు లేస్తుంది. ఇంకో సంగతి. కొన్ని స్ట్రెయిట్ బిట్లకి అడుగున మధ్యదాకా కార్బైడ్ ఉండదు. అలాంటివాటిని చెక్క మధ్యలో నిలువుగా గుచ్చితే దిగవు, ఒరుసుకుని కాలిపోతాయి. పలక అంచు బయటి నుంచి లోపలికి నడపండి. మధ్యలో మొదలుపెట్టాల్సి వస్తే డ్రిల్లుతో బెజ్జం వేసుకుని, బిట్టుని అందులోకి దించి మొదలుపెట్టండి.

మూడోది బేరింగ్ ఉన్న ఫ్లష్ ట్రిమ్ బిట్టు. నాకు ఒక్కటే బిట్టు ఇస్తామంటే ఇదే తీసుకుంటాను. దీనికి కొసన చిన్న బేరింగ్ ఉంటుంది, దాని వెడల్పూ కోసే భాగం వెడల్పూ ఒకటే. బేరింగ్ దేని మీద దొర్లుతుందో, బిట్టు ఆ మట్టానికే కోస్తుంది. మీ అర ముందువైపు ప్లై పొరలు కనపడకుండా ఆ పాత టేకులోంచి సన్నటి బీడింగ్ పట్టీలు కోసి అతికించండి. పట్టీ ప్లై కంటే రెండు వైపులా ఒక ఎంఎం ఎక్కువ ఉండేలా చూసుకోండి. జిగురు ఆరాక ఫ్లష్ ట్రిమ్ నడిపితే ఆ ఎక్కువంతా పోయి, ప్లైతో సమంగా వస్తుంది. చేత్తో తడిమితే అతుకు ఎక్కడుందో తెలియదు. మొదటిసారి అలా తడిమి చూసుకున్నప్పుడు కలిగే సంతోషం నాకు ఇంకా గుర్తుంది. టేకులో నూనె ఉంటుంది కాబట్టి జిగురు పెట్టే ముందు అతికే ముఖాన్ని థిన్నర్ గుడ్డతో తుడవండి, పట్టు బాగా ఉంటుంది.

బల్ల మూలలకి కూడా ఇదే బిట్టు. ఒక చిన్న ప్లై ముక్క మీద స్టీలు గిన్నె బోర్లించి వంపు గీసి, కోసి, ఓపిగ్గా ఉప్పుకాగితంతో నున్నగా చేసుకోండి. అది మీ అచ్చు. దాన్ని రెండు వైపులా అంటుకునే టేపుతో బల్ల మూల కింద అతికించి, మూలని వంపులు కోసే జిగ్‌సా రంపంతో గీతకి రెండు ఎంఎం బయటికి కోసి, ఆ మిగిలిన రెండు ఎంఎం బిట్టుతో తీసేయండి. నాలుగు మూలలూ అచ్చు గుద్దినట్టు ఒకేలా వస్తాయి. కోసే భాగం 25 ఎంఎం పొడవు ఉన్నది తీసుకోండి. మరీ పొట్టిదైతే 18 ఎంఎం పలక మందమంతా కోయడానికి చాలదు.

నాలుగోది రౌండ్ ఓవర్, అంచుని గుండ్రంగా చేసేది. పెట్టె మీద రాసే సైజు వ్యాసం కాదు, వంపు వ్యాసార్ధం. మీకు 6 ఎంఎం వ్యాసార్ధం చాలు. ఇంకా పెద్దది అందంగా ఉంటుందని 9 లేదా 10 కొంటారు చాలామంది, ఇబ్బంది తర్వాత తెలుస్తుంది. 18 ఎంఎం పలకకి పైన ఒకసారి 9 ఎంఎం వంపు తీస్తే సగం మందం పోయింది. తిప్పి కింద కూడా తీద్దామంటే బేరింగ్ ఆనుకోడానికి నిలువు అంచే మిగలదు. బిట్టు లోపలికి దూసుకుపోయి పలకని కొరికేస్తుంది. 6 ఎంఎం అయితే పైన ఆరు, కింద ఆరు పోయినా మధ్యలో ఆరు మిగులుతుంది. బేరింగ్ దాని మీద దొర్లుతుంది. పాప మోచెయ్యి ఆనించుకునే అంచుకి ఆ వంపు హాయిగా ఉంటుంది.

మీ టేకు ఎందుకు కాలిందో కూడా ఇక్కడే చెప్పాలి. ముప్పై వేల చుట్లంటే సెకనుకి 500. బిట్టుకి రెండు రెక్కలు కాబట్టి సెకనుకి వెయ్యి కోతలు. మీరు భయంభయంగా సెకనుకి ఒక అంగుళం చొప్పున నడిపారనుకోండి, ఒక్కో కోతకి వచ్చేది ఎంఎంలో నలభయ్యో వంతు. అది చెక్కని కోయడం కాదు, రుద్దడం. ఇక మధ్యలో ఆగి చూసుకుంటే అదే చోట సెకనుకి వెయ్యిసార్లు రుద్దుతుంది, అక్కడ నల్లటి మచ్చ తప్పదు. కాబట్టి ఆగకుండా, సమమైన వేగంతో, భయపడే వేగం కంటే కొంచెం ఎక్కువగా నడపండి. మిషన్ నుంచి పిండి కాకుండా చిన్న చిన్న పొట్టు వస్తుంటే సరైన వేగంలో ఉన్నట్టు. వంపుని రెండు విడతల్లో తియ్యండి, రెండో విడతలో పోయేది అర ఎంఎం మాత్రమే ఉండాలి. మొదటి విడతలో పడ్డ మచ్చలన్నీ దాంతో పోతాయి.

అయినా కాలుతోందంటే బిట్టు మొద్దుబారిందన్నమాట. టేకులో సిలికా ఉంటుంది, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. అది పదునుని తినేస్తుంది. ప్లై పొరల మధ్య జిగురు కూడా అంతే. కార్పెంటర్ అన్న ఇచ్చినవి పాత బిట్లు కాబట్టి అవి అరిగే ఉంటాయి. తెలుసుకోడానికి బిట్టుని కిటికీ వెలుగులో పట్టుకుని కోసే అంచుని సూటిగా చూడండి. పదునైన అంచు వెలుగుని తిప్పికొట్టదు, అక్కడ ఏ గీతా కనపడదు. మొద్దుబారిన అంచు సన్నటి తెల్లటి గీతలా మెరుస్తుంది.

డబ్బు మిగిలితే ఐదోదిగా 45 డిగ్రీల చాంఫర్ బిట్టు, అంటే అంచుని ఏటవాలుగా కోసేది తీసుకోండి. బల్ల కాళ్ల అడుగు అంచులకి చిన్న చాంఫర్ తీస్తే, బల్లని నేల మీద ఈడ్చినప్పుడు చెక్క చీలికలు లేవవు. అంతకుమించి ఇప్పుడేమీ వద్దు. పావురం తోక ఆకారంలో అతుకులు కోసే డవ్‌టెయిల్ బిట్టు, దాన్ని నడిపించే జిగ్ అనే అచ్చు లేకుండా మీకు ఉపయోగపడదు. తలుపులకి డిజైన్లు తీసే పెద్ద పెద్ద బిట్లని అసలు చూడకండి. ముప్పై వేల చుట్ల దగ్గర 6 ఎంఎం బిట్టు అంచు గంటకి 34 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. మీ రౌండ్ ఓవర్ లాంటి 25 ఎంఎం బిట్టు అంచు 140 దాటుతుంది. 50 ఎంఎం బిట్టయితే 280 దాటిపోతుంది. అందుకే అలాంటివి వేగం తగ్గించుకునే వీలున్న పెద్ద రౌటర్‌లో (ట్రిమ్మర్‌కి అన్నలాంటి మిషన్), టేబుల్‌కి బిగించి వాడాలి. చాలా ట్రిమ్మర్లకి వేగం మార్చే వీలే ఉండదు. మంచి బిట్ల మీద ఎక్కువలో ఎక్కువ ఎన్ని చుట్లో రాసి ఉంటుంది. అది మీ మిషన్ చుట్ల కంటే తక్కువైతే ఆ బిట్టు మీకు కాదు.

దుకాణంలో కొంటే బిట్టుని పెట్టెలోంచి తీసి చేతిలో పట్టుకుని చూడనివ్వమని అడగండి. అంచుల్లో బూడిదరంగు పలకలు అతికించి ఉంటాయి, అదే కార్బైడ్. టంగ్‌స్టన్ కార్బైడ్ రవ్వల్ని కోబాల్ట్‌తో ముద్దచేసి తయారుచేస్తారు. మన లేత్ షాపుల్లో దాన్ని వీడియా అంటారు. జర్మనీలో క్రుప్ కంపెనీ 1920ల చివర్లో దాన్ని ఆ పేరుతో అమ్మింది. వజ్రంలాంటిది అనే జర్మన్ మాటల్లోంచి వచ్చిన పేరది. ఆ పలక మందంగా ఉండాలి, పలచగా రేకులా ఉంటే ఒకసారి సాన పట్టేసరికి అయిపోతుంది. పలకకీ ఒంటికీ మధ్య ఇత్తడిరంగు అతుకు కనిపిస్తుంది. అందులో చిల్లులు, ఖాళీలు ఉండకూడదు. గోటితో అతుకు మీద గీస్తే ఎక్కడా తట్టుకోకూడదు. రెండు రెక్కలూ ఒకే ఎత్తులో ఉన్నాయా చూడండి. బేరింగ్‌ని వేలితో తిప్పితే మెత్తగా తిరగాలి, పక్కలకి ఊగకూడదు. హెచ్ఎస్ఎస్ అని రాసినవి, అంటే ఉత్త స్టీలువి, చవగ్గా వస్తాయి, మొదట్లో పదునుగానే ఉంటాయి కానీ ప్లై మీద త్వరగా చచ్చిపోతాయి. టీసీటీ అని ఉన్నవి తీసుకోండి, అంటే కార్బైడ్ అంచువి. హైదరాబాద్ వెళ్లే పని ఉంటే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో నాలుగు షాపులు తిరిగి, నాలుగు రకాలు చేత్తో పట్టుకుని చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

బిట్లు వచ్చాక, ఆ దర్వాజా చెక్కని ముట్టుకునే ముందు ఒక పని చేయాలి. పాత దర్వాజాల్లో విరిగిన మేకులు ఉంటాయి. తోరణాలు కట్టిన మేకులు, కర్టెన్ మేకులు, గొళ్లేల స్క్రూలు తలలు ఊడి లోపలే ఉండిపోతాయి. పైన రంగు కప్పేసి ఉంటుంది, కంటికి కనపడవు. కార్బైడ్ గట్టిది, కానీ గాజులా పెళుసు. మేకు తగిలిందంటే ముక్క ఎగిరిపోతుంది, ఎటు ఎగురుతుందో చెప్పలేం. బలమైన అయస్కాంతాన్ని దారానికి కట్టి చెక్క మీద అంగుళం అంగుళం తిప్పండి. ఎక్కడ లాగుతుందో అక్కడ సుద్దతో గుర్తు పెట్టి, మేకు తీశాకే పని. తియ్యడానికి రాకపోతే ఆ భాగం కోసి పక్కన పెట్టేయండి, ఎంత మంచి టేకైనా సరే.

ఆ చెక్కకి పాత పెయింట్ ఉంటే ఇంకా జాగ్రత్త. మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదనే నిబంధన 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. మీ మామగారి ఇంటి తలుపులకి వేసిన రంగు అంతకుముందుదే అయ్యుంటుంది. దాన్ని ట్రిమ్మర్‌తోనో సాండర్‌తోనో లేపితే సీసం దుమ్మై గాల్లో తిరుగుతుంది, పిల్లలకి అది చాలా చెడ్డది. తడిపి, పెయింటర్లు వాడే రేకుతో గీకి, ఆ పెచ్చులన్నీ కవర్‌లో మూటకట్టి పడేయండి. ఆ పని చేస్తున్నప్పుడు పాప దగ్గర ఉండకూడదు. మామూలు చెక్క పొడి కూడా మంచిది కాదు, ఎన్95 మాస్క్ పెట్టుకోండి. కళ్లకి రక్షణ అద్దాలు, చెవులకి మఫ్స్ ఎలాగూ కావాలి. చున్నీ తీసేసి, జడ ముడేసుకుని, గాజులు తీసి పని మొదలుపెట్టండి. చేతికి గ్లౌజులు వద్దు, తిరిగే బిట్టు గుడ్డని పట్టిందంటే చేతిని కూడా లాగేస్తుంది. కరెంటు పోయినప్పుడు వెంటనే స్విచ్ ఆపేయాలి. మనం మర్చిపోయి పక్కకి వెళ్తే, కరెంటు రాగానే మిషన్ బల్ల మీద తనంతట తాను తిరగడం మొదలుపెడుతుంది.

మిషన్‌ని ఎటు నడపాలో మీరు అడగలేదు కానీ మొదట్లో అందరూ తడబడేది అక్కడే. కుడిచెయ్యి అరచెయ్యి కిందికి పెట్టి, బొటనవేలిని చూపుడువేలికి అడ్డంగా చాపండి. బొటనవేలు చెక్క వైపు ఉంటే, చూపుడువేలు చూపించే వైపు మిషన్ వెళ్లాలి. పలక మీ ఎదురుగా ఉండి మీరు దాని దగ్గరి అంచు మీద పని చేస్తుంటే ఎడమ నుంచి కుడికి. దీనికి ఎదురు దిశలో నడిపితే బిట్టు చక్రంలా చెక్క మీద ఎగబాకి మిషన్‌ని చేతిలోంచి లాక్కుపోతుంది. నాలుగు అంచులూ తీయాల్సినప్పుడు నార తెగే అడ్డ అంచులు ముందు, నిలువు అంచులు తర్వాత. అడ్డ అంచు చివర్లో చిన్న చిప్ప లేచినా తర్వాతి కోతలో అది పోతుంది.

బిట్టు బిగించేటప్పుడు షాంక్‌ని లోపలికి అంటేదాకా దించి, రెండు మూడు ఎంఎం వెనక్కి లాగి బిగించండి. అడుగు తగిలి ఉంటే నట్టు ఎంత తిప్పినా సరిగా పట్టదు. షాంక్ రెక్కల దగ్గర లావెక్కే వంపు కాలెట్‌లోకి వెళ్లకూడదు. బిట్టు లేకుండా నట్టుని గట్టిగా బిగించకండి, కాలెట్ ముడుచుకుపోతుంది. పని అయ్యాక బిట్టుకి అంటిన జిగురు, నల్లటి మడ్డి వదిలించాలి. బేరింగ్ ఊడదీసి పక్కన పెట్టి, బిట్టుని వేడినీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ వేసి కాసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమి ఆరబెట్టండి. బేరింగ్‌ని మాత్రం నీళ్లలోనూ థిన్నర్‌లోనూ ముంచొద్దు, లోపలి గ్రీజు పోతుంది. బిట్లన్నీ ఒకే డబ్బాలో వేస్తే ఒకదానికొకటి తగిలి అంచులు చిట్లుతాయి. మిగిలిన టేకు దిమ్మలో 6.5 ఎంఎం డ్రిల్లుతో ఐదు బెజ్జాలు వేసి, షాంక్‌లు అందులో గుచ్చి నిలబెట్టండి.

వచ్చే ఆదివారం ముందు ఆ దిమ్మే చేయండి. తర్వాత కొత్త 12 ఎంఎం బిట్టు బిగించి, ప్లేటు నాబ్ గట్టిగా తిప్పి, ఒక పాత ప్లై ముక్క మీద అడుగు పొడవున మూడు ఎంఎం గాడి కొట్టండి. వెర్నియర్ వెనక ఉండే సన్నటి కడ్డీతో గాడి రెండు చివరలా, మధ్యలో లోతు కొలవండి. మూడు చోట్లా ఒకే అంకె వస్తే మామగారి టేకు మీద చెయ్యి వెయ్యొచ్చు. తేడా వస్తే ఆ మూడు అంకెలూ కాలెట్ ఫోటోతో సహా నాకు పంపండి, ఎక్కడ జారుతోందో చూసి చెప్తాను.